అబ్బే రోడ్ దాకా వెళ్లొచ్చాం: బీటిల్స్ రికార్డుల వెనకాల ఆరు రోజులు, ఒక తప్పు స్టేషన్

వరంగల్ ఆర్ఈసీ హాస్టల్లో ఉన్నప్పుడు మా సీనియర్ ఒకాయన నాకు ఒక తొంభై నిమిషాల క్యాసెట్ చేసిచ్చాడు. ఒక పక్క బీటిల్స్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ ప్లీజ్ ప్లీజ్ మీ, రెండో పక్క వాళ్ళు చివరిగా రికార్డ్ చేసిన అబ్బే రోడ్. తమాషా ఏంటంటే అబ్బే రోడ్ నిడివి 47 నిమిషాలు, క్యాసెట్ ఒక పక్క పట్టేది 45, అంచేత కొన్నేళ్ళ పాటు ఆ ఆల్బమ్ చివర్లో ఏముందో నాకు తెలీదు, టక్ మని టేపు ఆగిపోయేది, అదే ముగింపు అనుకునేవాణ్ణి. ఆ రెండు పక్కలకీ మధ్య ఆరేళ్ళు మాత్రమే తేడా, 1963 నుంచి 1969, వినేవాడికి మాత్రం రెండు వేరే బ్యాండ్లు అనిపిస్తాయి. అది ఎలా జరిగిందో వాళ్ళు పెరిగిన లివర్‌పూల్‌కి, వాళ్ళ రికార్డింగ్ స్టూడియో ఉన్న లండన్ అబ్బే రోడ్‌కి వెళ్ళి చూడాలని అప్పట్నుంచీ ఉంది, ఇన్నాళ్ళకి కుదిరింది.

తోడు మా బావమరిది. లండన్ దగ్గర రెడ్డింగ్‌లో ఉద్యోగం, బీటిల్స్ అంటే పెద్ద ఇంట్రస్ట్ లేదు, "పేర్లోనే అబ్బే అని ఉంది కదా బావా, అంత దూరం దేనికి" అని టికెట్ బుక్ చేసే ముందే జోకేశాడు. ఐనా వారం సెలవు పెట్టుకుని వచ్చాడు పాపం.

లండన్లో మూడు రాత్రులు ఈస్ట్ హామ్‌లో ఉన్నాం. సెంటర్లో హోటల్ రేట్లు చూస్తే కళ్ళు తిరిగాయి, ఈస్ట్ హామ్‌లో సగానికే గది దొరికింది, కానీ గది అంటే గది కాదు, సూట్‌కేస్ తెరవాలంటే ఒకళ్ళు మంచం ఎక్కాలి, బాత్రూమ్ తలుపు పూర్తిగా తెరుచుకోదు, మంచం అడ్డం. వాళ్ళ ఫోటోల్లో ఆ గది ఎంత పెద్దగా కనపడిందో. ఐతే కిందకి దిగి హై స్ట్రీట్ నార్త్ లోకి వస్తే ఇడ్లీ, దోశ, ఫిల్టర్ కాఫీ, తెలుగు స్టూడెంట్స్, కరివేపాకు కట్టలు, అన్నీ ఉన్నాయి, పొద్దున్నే పొంగల్ తిని బయల్దేరితే మధ్యాహ్నం దాకా ఆకలి బాధ లేదు. శాకాహారులకి ఈ ఏరియానే చెప్తాను, గది మాత్రం రివ్యూల్లో జనం పెట్టిన ఫోటోలు చూసి తీస్కోండి.

ఇక తప్పు స్టేషన్ సంగతి. మా బావమరిది ఫోన్లో మ్యాప్ చూసి "అబ్బే రోడ్ స్టేషన్ ఇక్కడే బావా, వెస్ట్ హామ్‌లో మారితే ఒక్క స్టాప్" అన్నాడు. నాకు లోపల ఎక్కడో అనుమానమే, స్టూడియో ఉండేది సెయింట్ జాన్స్ వుడ్ అని కదా చదివాం అని, కానీ ఆ దేశంలో ఉండేవాడు వాడు, నేనేం చెప్తాను. డీఎల్ఆర్ అనే చిన్న లోకల్ రైల్లో ఒక్క స్టాప్ వెళ్ళి దిగాం. బోర్డు మీద అబ్బే రోడ్ అనే ఉంది. బోర్డు కింద నుంచోపెట్టి వాడు నాకో ఫోటో తీశాడు, నేను రెండు వేళ్ళు కూడా చూపించాను. ఎదురుగా ఇళ్ళు, ఎక్కడా ఆ ఆల్బమ్ అట్ట మీద నలుగురూ దాటే జీబ్రా క్రాసింగ్ లేదు, స్టూడియో లేదు. గోడ మీద ఒక పోస్టర్ ఉంది, బీటిల్స్ పాటల పేర్లు ఇరికించి, మీరు వెతికేది ఇది కాదు, జూబిలీ లైన్లో సెయింట్ జాన్స్ వుడ్ వెళ్ళండి అని. అంటే మనలాంటి వాళ్ళు ఎంతమంది దిగుతుంటే అచ్చేసి మరీ అంటించారో ఆలోచించండి. వాడు ఆ పోస్టర్ రెండుసార్లు చదివి ఏం మాట్లాడలేదు. వెనక్కి వెస్ట్ హామ్, అక్కణ్ణించి జూబిలీ లైన్, నేరుగా సెయింట్ జాన్స్ వుడ్. దిగాక ఐదు నిమిషాల నడక.

అసలు చోటు ఎలా ఉందో చెప్తాను. తెల్ల భవనం, ముందు పొట్టి గోడ, గోడ నిండా ప్రపంచంలోని అన్ని భాషల రాతలు, దానికి మళ్ళీ మళ్ళీ తెల్ల రంగేస్తుంటారు. గేటు దాటి లోపలికి రానివ్వరు, ఇప్పటికీ పనిచేసే స్టూడియో అది, ఇది ముందే తెలుసుకుని వెళ్ళండి, తెలీక వచ్చి మొహాలు వేలాడేసుకున్న వాళ్ళని అక్కడే చూశాం. పక్కన షాపుంది, టీషర్టులు, పోస్టర్లు, రికార్డులు, కప్పులు, ధరలు షాపు పేరుకి తగ్గట్టే. నేను ఒక పెన్సిల్ కొన్నాను.

ఆ గోడ దగ్గర నిలబడి లోపల స్టూడియో టూ ఏ వైపుంటుందో అని చూస్తూ ఉండిపోయాను. 1963 ఫిబ్రవరి 11న ఒక్కరోజులో, పొద్దున పది నుంచి రాత్రి పది దాటే దాకా, పది పాటలు రికార్డ్ చేసింది ఆ గదిలోనే. మొదటి ఆల్బమ్‌లో 14 పాటలుంటే నాలుగు అప్పటికే సింగిల్స్‌గా వచ్చేశాయి, మిగతావన్నీ ఆ రోజే. రెండే ట్రాకుల మెషీన్, అంటే విడివిడిగా రెండు వరసల్లోనే శబ్దం పట్టేది, తప్పు చేస్తే చాలాసార్లు పాట మొత్తం మళ్ళీ పాడాలి. బ్యాండ్‌లో పాడే జాన్ లెనన్‌కి ఆ రోజు జలుబు, గొంతు బిళ్ళలు చప్పరిస్తూ పాలు తాగుతూ లాక్కొచ్చాడు, ట్విస్ట్ అండ్ షౌట్ కావాలనే ఆఖర్న పెట్టారు, అది పాడితే గొంతు ఇంక మిగలదని వాళ్ళకి తెలుసు. మొదటి టేకే ఆల్బమ్‌లో ఉంది, రెండోది ట్రై చేశారు గానీ గొంతు లేదు. ఈ కథ చెప్తే మా వాడు మొదటిసారి ఫోన్లోంచి తలెత్తాడు. "మరి డాక్టర్ దగ్గరికి పంపకుండా పాడించారా?"

అక్కడ్నించి నాలుగేళ్ళకి, 1967లో సార్జెంట్ పెప్పర్ ఆల్బమ్ దగ్గరికొచ్చేసరికి నాలుగు ట్రాకులు, ఒక ఆల్బమ్‌కి నెలలు. స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్ అని ఆ టైమ్ పాటే, దానికి రెండు వేరు వేరు టేకులు, శ్రుతి వేరు, వేగం వేరు, జాన్ ఏమో మొదటి సగం ఇందులోంచి రెండో సగం అందులోంచి కావాలన్నాడు, ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్, సౌండ్ ఇంజనీర్ జెఫ్ ఎమరిక్ కలిసి ఒకదాని వేగం పెంచి రెండోదాని వేగం తగ్గించి అతికించారు, ఒక నిమిషం దగ్గర ఆ అతుకు, చెప్పాక వింటే తెలుస్తుంది, చెప్పకముందు ముప్పై ఏళ్ళు విన్నా నాకు తెలీలేదు. 1969లో అబ్బే రోడ్‌కి ఎనిమిది ట్రాకులు. ఇదంతా దాదాపుగా ఆ గోడ వెనకాలే.

క్రాసింగ్ మీద ఫోటో సంగతి కూడా చెప్పాలి. అసలు ఫోటో 1969 ఆగస్టు 8న, ఫోటోగ్రాఫర్ ఇయాన్ మెక్‌మిలన్ నిచ్చెనెక్కి తీసినవి మొత్తం ఆరే ఆరు ఫోటోలు, పోలీసు ట్రాఫిక్ ఆపాడు. మనకి పోలీసు ఎవడాపుతాడు? 139, 189 బస్సులు వస్తూనే ఉంటాయి, డ్రైవర్లకి విసుగు, హారన్ కొడతారు, న్యాయమే కదా, రోజూ వాళ్ళ దారికి అడ్డం వచ్చేది మనమే. మేం పొద్దున పదకొండింటికి వెళ్ళాం, అప్పటికే లైను. ఎనిమిదింటికి ముందు వెళ్తే నయం. అక్కడ ఇరవై నాలుగ్గంటలూ నడిచే కెమెరా ఉంది, నెట్‌లో లైవ్ చూడొచ్చు. గుంటూర్లో మా అమ్మాయికి చెప్పి పెట్టాను, అక్కడ మధ్యాహ్నం మూడున్నర, దాటుతుంటే ఫోన్ మోగింది, "నాన్నా, నీలం జర్కిన్ నువ్వేనా, కొంచెం పొట్ట లోపలికి లాగు." ఈ మొత్తం ట్రిప్పులో పైసా ఖర్చు లేకుండా అందరికీ నచ్చింది ఇదొక్కటే.

మిగతా లండన్ త్వరగా చెప్పేస్తా. మూడో నంబర్ సెవిల్ రో, 1969 జనవరి 30న బీటిల్స్ మేడ మీద 42 నిమిషాలు వాయించిన భవనం, ఇప్పుడు చూడటానికి గోడ మీద ఒక పలక, పైకి చూస్తే ఆకాశం. ఆ రోజు గాలికి మైకుల్లో హోరు రాకుండా ఆడవాళ్ళ మేజోళ్ళు కొనుక్కొచ్చి మైకులకి తొడిగారట, ఆ కొనుక్కురావడానికి పంపిన కుర్రాడు ఆలన్ పార్సన్స్, తర్వాత సంగీతంలో తనే పెద్ద పేరు. సోహోలో సెయింట్ ఆన్స్ కోర్ట్ అనే సందులో ట్రైడెంట్ స్టూడియో, హే జూడ్ పాట అక్కడ రికార్డ్ చేశారు, ఎనిమిది ట్రాకుల మెషీన్ అప్పటికి అక్కడ వాడుకలో ఉంది కాబట్టి. సందు సందే. పనిగట్టుకుని వెళ్ళక్కర్లేదు, ఆ పక్కన పనుంటే చూడండి.

ట్రాన్స్‌పోర్ట్ కోసం ఒక మాట, కాంటాక్ట్‌లెస్ కార్డ్ ఒకటి ఇద్దరికి వాడటం కుదరదు, మనిషికో కార్డు ఉండాలి, మన ఇండియా కార్డయితే ప్రతి ట్యాప్‌కీ బ్యాంకు ఎంత తీస్కుంటుందో ముందే కనుక్కోండి, నేను ఇంటికొచ్చాక స్టేట్‌మెంట్ చూసి కనుక్కున్నాను.

లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్ రెండుంపావు గంటలు. టికెట్ నెల ముందు కొంటే ఒక రేటు, ఆ రోజు కొంటే విమానం రేటు. ఇద్దరు కలిసి తిరిగేవాళ్ళకి ఒక రైల్ కార్డ్ ఉంది, మూడో వంతు తగ్గుతుంది, కాకపోతే వీక్‌డేస్‌లో పొద్దున తొమ్మిదిన్నర ముందు చెల్లదు. ఆ పని మాత్రం మా బావమరిది చక్కగా చేశాడు, స్టేషన్ తప్పు అక్కడితో మాఫీ.

లివర్‌పూల్లో మేం చేసిన తప్పు శనివారం రాత్రి ఉండటం. మామూలు రోజుల్లో ఉండే రేటుకి రెండింతలు పైన, పైగా పెళ్ళికి ముందు ఫ్రెండ్స్‌తో పార్టీలకి దేశం మొత్తం అక్కడికే వస్తుందంట. స్టేషన్ దగ్గర మేం తీస్కున్న హోటల్లో పై గదిలో రాత్రి మూడింటి దాకా గంతులు, రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే "చెప్తాం సార్" అన్నారు, చెప్పారో లేదో దేవుడికే తెలియాలి. పొద్దున టిఫిన్ అంటే చల్లటి టోస్ట్, బీన్స్. నేను గుంటూరు నుంచి తెచ్చుకున్న పొట్లం విప్పి టోస్ట్‌కి కారప్పొడి రాసుకుంటే పక్క టేబుల్ ఆవిడ అదేంటని అడిగి కొంచెం తీస్కుంది, తర్వాత రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.

బీటిల్స్ మొదట్లో వాయించిన కావెర్న్ క్లబ్, మాథ్యూ స్ట్రీట్లో చూశాం. ఇది అసలు కావెర్న్ కాదు అని అందరూ చెప్తారు, నిజమే, అసలుది 1973లో మూసేశారు, తర్వాత పాత ఇటుకల్లో కొన్ని వాడి 1984లో మళ్ళీ కట్టారు. దిగడానికి మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించండి. కానీ మధ్యాహ్నం వెళ్తే ఎవరో ఒకరు గిటార్ పట్టుకుని పాడుతుంటారు, జనం తక్కువ, కూర్చోడానికి చోటు, బావుంటుంది. రాత్రి మాత్రం ఊపిరాడదు. ఆల్బర్ట్ డాక్ దగ్గర బీటిల్స్ స్టోరీ మ్యూజియం కొత్తగా తెలుసుకునేవాళ్ళకి మంచిది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు గంటలు తిరగొచ్చు, మా వాడికి నచ్చింది, నాకు తెలిసినవే ఎక్కువ. రంగుల బస్సు టూర్ ఒకటుంది, రెండు గంటల్లో వాళ్ళ పాటల్లో వచ్చే పెన్నీ లేన్, స్ట్రాబెర్రీ ఫీల్డ్ ఎర్ర గేటు, వాళ్ళ ఇళ్ళు అన్నీ చూపిస్తారు, ఇళ్ళు బయట నుంచే.

ఆ ఇళ్ళ లోపలికి వెళ్ళాలంటే పాత కట్టడాలు చూసుకునే నేషనల్ ట్రస్ట్ వాళ్ళ మినీ బస్సు టూర్ ఒక్కటే దారి. కొద్దిమందినే తీస్కుంటారు, వారాల ముందు బుక్ చేయాలి, చలికాలం మూసేస్తారు, లోపల ఫోటోలు తియ్యనివ్వరు, ఫోన్లు బ్యాగులు పక్కన పెట్టించేశారు. ఆరు రోజుల్లో నేను పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం జరిగింది ఇక్కడే. ఇరవై నంబర్ ఫోర్త్‌లిన్ రోడ్, బ్యాండ్‌లో జాన్‌తో కలిసి పాటలు రాసిన పాల్ మెకార్ట్నీ కుటుంబం ఉన్న మున్సిపాలిటీ ఇల్లు. ముందు గదిలో గోడలకి మూడు రకాల వాల్‌పేపర్, మిగిలిపోయిన ముక్కలు తక్కువ రేటుకొస్తే తెచ్చి అతికించిన లెక్క, నేల మీద తివాచీ కూడా ముక్కలే. మా చిన్నప్పుడు బ్రాడీపేట ఇంట్లో ఒక్కో కిటికీకి ఒక్కో కర్టెన్ ఉండేది, అచ్చం అలాగే. గోడ మీద పాల్ తమ్ముడు తీసిన ఫోటో, ఇద్దరు కుర్రాళ్ళు, పాల్, జాన్, గిటార్లు పెట్టుకుని అదే గదిలో ఒక నోటు పుస్తకంలోకి చూస్తున్నారు, రాస్తున్నది మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట. అంటే నా క్యాసెట్ మొదలయ్యేది ఈ గదిలో, ఆ పొయ్యి పక్కన.

అక్కణ్ణించి మెండిప్స్, జాన్‌ని పెంచిన మిమీ పెద్దమ్మ ఇల్లు. ఇది కొంచెం బాగా ఉన్నవాళ్ళ ఇల్లు. ఆవిడకి గిటార్ గోల పడదు, వరండాలోకి పొండి అనేది. వరండా అంటే మనది కాదు, ముందు తలుపుకీ లోపలి తలుపుకీ మధ్య ఇద్దరు నిలబడితే మూడోవాడు పట్టని అద్దాల పెట్టె. నేల టైల్స్, చుట్టూ అద్దాలు, అందుకే గొంతు గుండ్రంగా తిరిగి వస్తుంది, వాళ్ళకి ఆ ప్రతిధ్వని నచ్చి అక్కడే పాడుకునేవాళ్ళు. గైడ్ ఒక్కొక్కళ్ళనే లోపలికి వెళ్ళనిచ్చింది. నాకు సిగ్గేసి చిన్నగా చప్పట్లు కొట్టాను, టప్ మని వెంటనే తిరిగొచ్చింది, గదిలో కొట్టిన చప్పట్లలా లేదు, ఇంకెవరో పక్కన కొట్టినట్టుంది. నా వెనకాల మా బావమరిది వెళ్ళాడు, తలుపేసుకున్నాడు, బయటికి సన్నగా "వాతాపి గణపతిం భజే" అని వినపడింది. చిన్నప్పుడు రెండేళ్ళు సంగీతం నేర్పించారులే వాణ్ణి. బస్సులో ఉన్న అమెరికా వాళ్ళు అది ఏ ఆల్బమ్‌లోదని అడిగారు.

తిరుగు రైల్లో వాడు నా దగ్గర ఒక ఇయర్‌ఫోన్ తీస్కుని అబ్బే రోడ్ రెండో పక్క మొత్తం విన్నాడు, ఆ పాట ముక్కలన్నీ ఒకదాన్లోంచి ఒకటి వచ్చే భాగం. ఆల్బమ్ 45వ నిమిషం దగ్గర నాకు చెయ్యి అలవాటుగా ఆగిపోతుందేమోనని ఫోన్ వైపు వెళ్ళింది.

ఖర్చు విషయానికొస్తే, మళ్ళీ వెళ్తే లండన్లో రెండు రాత్రులు చాలు, లివర్‌పూల్లో సోమవారం నుంచి బుధవారం, ముందు ఆ ఇళ్ళ టూర్ టికెట్ దొరికాకే మిగతావి బుక్ చేస్తాను. క్రాసింగ్ మీద మేం తీస్కున్న ఫోటోలు నలభై, ఒక్కదాన్లోనూ కాళ్ళు సరిగ్గా పడలేదు. మా అత్తయ్యగారు అన్నీ చూసి ఒకటి ప్రింట్ తీయించి ఒంగోల్లో వాళ్ళ హాల్లో ఫ్రేమ్ కట్టించి పెట్టారు, వచ్చినవాళ్ళందరికీ "మా అల్లుడు, అదేదో పెద్ద పాటల స్టూడియో అట, దాని ముందు" అని చూపిస్తున్నారు. అది డీఎల్ఆర్ స్టేషన్ బోర్డు. మా బావమరిది నన్ను చెప్పొద్దన్నాడు.