ఇంటి షెడ్డులో పనిబల్ల: పాత దూలమా, ఇనుప చట్రమా, రాతి పలకా – ఏది మేలు?

రెండు సిమెంటు బస్తాలు ఎత్తి పెడితే దాదాపు ఏ బల్లయినా మోస్తుంది. అదే బల్లకు వైస్ (పని ముక్కను దవడల మధ్య కదలకుండా పట్టే ఇనుప పరికరం) బిగించి, అందులో పట్టించిన ఇనుప ముక్కను రంపంతో కోసినప్పుడు, లేదా చెక్కను ఆనించి చిత్రిక పట్టినప్పుడు, అది ముందుకూ వెనక్కూ ఊగుతుందో లేదో బయటపడుతుంది. అందుచేత తక్కువ ఖర్చులో పనిబల్ల చేయించుకోదలచినవారు చేతిలో ఉన్న డబ్బును ముందుగా కాళ్ల మీద, అతుకుల మీద పెట్టి, మిగిలినదాన్నే పైపలకకు కేటాయించాలని నా అభిప్రాయం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సులువుగా కుదిరే మూడు మార్గాలను ఆ దృష్టితోనే ఇక్కడ పోలుస్తున్నాను. ధరలు ఊరికీ నెలకీ మారతాయి కనుక పరిమాణాలు చెబుతాను. వాటితో మీ ఊళ్లో లెక్క వేయించుకోవచ్చు. మూడింటికీ 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు అనుకుందాం.

మొదట కర్ర. రెండంగుళాల మందం పైపలక, మూడంగుళాల చదరపు కాళ్లు, కిందా పైనా 4×2 అంగుళాల అడ్డకర్రలు వేస్తే, కోతలో పోయేది కాక, సుమారు నాలుగున్నర ఘనపుటడుగుల కర్ర పడుతుంది. ఇంత కర్రను టేకులో కొంటే తక్కువ ఖర్చు అన్న మాటే ఉండదు. మామిడి చవకే, కానీ త్వరగా పుచ్చు పడుతుంది. సరుగుడు గట్టిదే, కానీ ఆరేటప్పుడు పగులుతుంది, మెలి తిరుగుతుంది. నేను మొదట చేయించుకున్న బల్ల వేప కర్రది. కలప అడితిలో బాగా ఆరిందని చెప్పిన మాట నమ్మి తెచ్చాను. జూన్‌లో మొదలైన వానలు, ఆ వెనుక అక్టోబరు తుపాన్ల ముసురు గడిచేసరికి పైపలక మధ్యలో దోనెలా గుంట పడింది, ఒక కాలు నేలకు అందకుండా పోయింది. గాలికి ఆరబెట్టే కర్రకు అంగుళం మందానికి ఏడాది చొప్పున లెక్క కడతారు కనుక, రెండంగుళాల పలకకు రెండేళ్లు కావాలి. అంతకాలం నిలవ ఉంచిన కర్ర చవకగా దొరకడం అరుదు.

అయితే ఈ లోటు తీర్చే దారి మన పల్లెల్లోనే ఉంది. పెంకుటిళ్లు విప్పి డాబాలు కట్టుకునే చోట పాత దూలాలు, వాసాలు, తలుపు రెక్కలు అమ్మకానికి వస్తాయి. అవి దశాబ్దాలపాటు ఇంటి కప్పు కింద ఆరినవి కనుక, వంగవలసినంతా ఎప్పుడో వంగిపోయి ఉంటాయి. కొనే ముందు చెద తొలిచిందేమో ఉలి మొనతో పొడిచి చూడాలి; కోత మిల్లుకు పంపే ముందు మేకులన్నీ పీకించాలి, లేకపోతే రంపం పళ్లు పోతాయి. అదృష్టం కొద్దీ పనస దొరికితే వదులుకోకండి. బొబ్బిలి వీణకు ఆ కర్రనే వాడతారు. ఇంకొక మాట: మన వడ్రంగులలో చాలామంది నేల మీద కూర్చుని, కాలితో చెక్కను అదిమిపట్టి పని చేయడానికి అలవాటు పడినవారు. నిలబడి పని చేసే బల్ల ఎంత ఒత్తిడిని తట్టుకోవాలో వారికి ముందుగానే వివరించి, మేకులతో సరిపెట్టకుండా, ఒక కర్ర కొసను సన్నగా చెక్కిన కుసి మరో కర్ర బెజ్జంలో దిగే అతుకులే అడగాలి.

రెండవది ఇనుప చట్రం. 40×40 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, 2 మిల్లీమీటర్ల మందంది సరిపోతుంది. నాలుగు కాళ్లకు, పైన కింద చుట్టు పట్టీలకు, నడుమ ఒక అడ్డానికి కలిపి సుమారు 13 మీటర్లు పడుతుంది. బరువు 30 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. గొట్టాలు 6 మీటర్ల పొడవుల్లో వస్తాయి కనుక మూడు కొనాలి. మిగిలిన ముక్కలను వెనుకవైపు ఏటవాలుగా వేయిస్తే ఊగడం దాదాపు పోతుంది. వెల్డింగు వేడికి చట్రం వంకరపోయే ప్రమాదం ఉంది. అందుకే ముందు చుక్కలుగా అతికించి, మూల నుంచి ఎదుటి మూలకు ఉండే రెండు కర్ణాలు సమానంగా ఉన్నాయో లేదో కొలిచిన తరువాతే పూర్తి వెల్డింగు చేయమనాలి. కళింగపట్నం, బారువ వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది కనుక తుప్పును ఆపే రెడ్ ఆక్సైడు రెండు పూతలు, ఆపైన ఎనామిలు రంగు తప్పనిసరి. కాళ్ల అడుగు భాగాలను ఇనుప పలకలతో మూయించకపోతే, నేల కడిగిన నీరు గొట్టం లోపలికి చేరి కంటికి కనబడకుండా తుప్పు పట్టిస్తుంది.

దీని పైపలకకు 8×4 అడుగుల 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒక్కటి చాలు. అందులోంచి 6×2 ముక్కలు రెండు తీసి, ఒకదానిపై ఒకటి జిగురుతో అతికిస్తే 38 మిల్లీమీటర్ల దిట్టమైన పలక తయారవుతుంది. మిగిలిన రెండు చదరాలు కింది అరకు పనికివస్తాయి. షెడ్డుకు ఒకవైపు గోడ లేక జల్లు కొట్టే ఇళ్లలో ఐ.ఎస్. (భారతీయ ప్రమాణం) 303 కింద వచ్చే, తేమను మాత్రమే ఓర్చే రకం కన్నా నీటిని తట్టుకునే ఐ.ఎస్. 710 మెరైన్ రకం మీద కొంత ఎక్కువ పెట్టడం న్యాయమే.

మూడవది రాయి. టెక్కలి ప్రాంతంలో గ్రానైటు క్వారీలు ఉన్నాయి కనుక మిగులు పలకల కోసం వాకబు చేయవచ్చు. 20 మిల్లీమీటర్ల మందం పలక ఈ కొలతలో 60 కిలోల దాకా తూగుతుంది. చెద పట్టదు, తుప్పు పట్టదు, బండి ఇంజను విప్పితే కారే నూనెను తుడిస్తే పోతుంది. కానీ సుత్తి జారి పడితే పగులుతుంది, ఉలి తగిలితే పదును పోతుంది, దానికి వైస్ బిగించడం కష్టం. దీన్ని రెండో బల్లగా తప్ప సిఫారసు చేయలేను.

కర్ర పని మాత్రమే చేసేవారికి, పాత ఇంటి కర్ర దొరికితే, కర్ర బల్లే మేలు: దెబ్బను మింగుతుంది, పాడైన చోట చిత్రిక పట్టుకోవచ్చు. బండి మరమ్మతు, పైపుల కోత, అప్పుడప్పుడు కర్ర పని కలిసి ఉండే మామూలు ఇంటికి మాత్రం నేను ఇనుప చట్రాన్నే ఎంచుకుంటాను, ఇప్పుడు నా షెడ్డులో ఉన్నదీ అదే. అద్దె ఇంటివారు కాళ్లను వెల్డింగుకు బదులు బోల్టులతో బిగించమంటే విప్పి తీసుకుపోవచ్చు. ఏది చేయించినా వైస్ దవడల పైఅంచు మీ మోచేతి ఎత్తుకు రావాలి. కాబట్టి కాళ్ల కొలత ఇచ్చే ముందే వైస్ కొని తెచ్చుకుని, దాని ఎత్తును, పైపలక మందాన్ని మోచేతి ఎత్తులోంచి తీసివేసి ఆ కొలత ఇవ్వండి.