జీపా, జిప్సీనా? తుప్పు బండిని లేపాలంటే ఏది మేలు

మిర్యాలగూడ రైసుమిల్లుల వెనకో, నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి తోటల్లోనో, మక్తల్ వైపు పాత ఇళ్ల కొట్టాల్లోనో కదలని బండ్లు ఇంకా కనబడుతుంటాయి. టైర్లు సగం మట్టిలో దిగిపోయి ఉంటాయి. సీట్ల మీద కోళ్లు గుడ్లు పెడుతుంటాయి. ఎప్పుడో ఒకరోజు ఆ ఇంటి మనవడికి దాన్ని బాగుచేసి లేపి శ్రీశైలం పోవాలనిపిస్తుంది. అలా లేపాలనుకునేవాటిలో ఎక్కువగా కనబడేవి రెండే: మహీంద్రా జీపు, మారుతి జిప్సీ. ఏది మేలని అడిగితే నేను ముందు బండి గురించి మాట్లాడను. మీ ఊళ్లో వెల్డింగ్ షాపు ఎలాంటిదో అడుగుతాను. ఎందుకో కింద చెప్తాను.

జీపు అంటే ఇక్కడ ఎంఎం 540 అనుకోండి. 1980ల్లో వచ్చింది. 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజను, ఎక్కువ వాటికి నాలుగు గేర్లే. జిప్సీ 1985లో 970 సీసీ పెట్రోల్ ఇంజనుతో మొదలైంది. 1996లో 1298 సీసీ ‘కింగ్’ వచ్చింది, 2000లో దానికి కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ (సిలిండర్‌కొక ఇంజెక్టర్‌తో పెట్రోల్ చిమ్మే పద్ధతి) వచ్చింది. 2019లో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. ఒక జాగ్రత్త: మన పల్లెల్లో మనుషుల్ని కుక్కి తిప్పిన షేర్ జీపులు చాలావరకు టూ వీల్ డ్రైవ్ మహీంద్రా కమాండర్లు. పైకి అన్నీ జీపులే. వంగి ముందు యాక్సిల్ చూడండి. అక్కడ కూడా వెనకలాగే డిఫరెన్షియల్ గుండు ఉండి, గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి లివర్ ఉంటేనే ఫోర్ బై ఫోర్, అంటే ఇంజను నాలుగు చక్రాల్నీ తిప్పే బండి.

బండి కంటే ముందు కాగితాలు చూడాలి. ఈ విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేసి ఏళ్లకు రెన్యువల్ చేస్తారు. కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5 వేలైంది. 20 ఏళ్లు దాటిన బండికి 2025 ఆగస్టులో దాన్ని 10 వేలు చేశారు. ఆలస్యమైతే నెలనెలా జరిమానా, దానికి తోడు గ్రీన్ ట్యాక్స్. పదేళ్లు తోటలో పడి ఉన్న బండికి ఇవన్నీ కలిపితే ఎంతవుతుందో బేరానికి ముందే లెక్కేసుకోవాలి. ఏపీ 24, ఏపీ 22 నంబరు ఉన్న బండైతే నల్లగొండ, మహబూబ్‌నగర్ ఆఫీసుల్లోనే దాని చరిత్ర దొరుకుతుంది. బయటి రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ, మళ్లీ ఇక్కడి లైఫ్ ట్యాక్స్. ఆర్మీ వేలం జిప్సీలంటే కుర్రాళ్లకు మహా మోజు. వేలం కాగితాలు ఒరిజినల్‌గా చేతిలో లేకపోతే అది బండి కాదు, ఇనుము.

ఛాసీ నంబరు మాత్రం వేలితో తడిమి చూసుకోండి. తుప్పు ఆ అంకెల్ని తినేసి ఉంటే ఆర్టీఏలో పెన్సిల్ ప్రింట్ సరిగ్గా పడదు, అక్కడి నుంచి తిప్పలు మొదలవుతాయి. దాని మీద గ్రైండర్ పెట్టనివ్వకండి. ఎంత నమ్మకమైన మిస్త్రీ అయినా సరే, ఆ చోట చేత్తో, మెత్తటి బ్రష్షుతోనే పని.

ఇక తుప్పు. జీపు, జిప్సీ ఇక్కడే విడిపోతాయి.

జీపు బాడీ రేకు మందం, దాదాపు అంతా చదును. పక్కలు చదును, ఫ్లోరు చదును, ముందు మడ్‌గార్డులు కూడా ఒకట్రెండు వంపులే. తుప్పు పట్టేది బ్యాటరీ ట్రే కింద, ఫ్లోరు కింద ఉండే పట్టీల్లో, వెనక క్రాస్ మెంబర్ దగ్గర, కమాన్ల (లీఫ్ స్ప్రింగుల) హ్యాంగర్ల దగ్గర. కుళ్లినంత మేర కోసేసి కొత్త రేకు వంచి పెట్టడమే. ఈ పని మన దగ్గర ఎవరికి రాదు? ట్రాక్టర్ ట్రాలీలు చేసే షెడ్డు నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్... ఎక్కడికి పోయినా ఉంటుంది. షీటు కోసే మెషీను, వంచే మెషీను వాళ్ల దగ్గరే ఉంటాయి. కొలతలిస్తే ఫ్లోరు మొత్తం కొత్తది దిగుతుంది.

జిప్సీ రేకు పలుచన. దానిలో వంపులూ మడతలూ ఎక్కువ. లోపలి ఫెండర్లు, ముందు అద్దం ఫ్రేము అడుగు, డోర్ల కింద భాగం, వెనక చక్రాల మీది మడతలు, బాడీని ఛాసీకి బిగించే మౌంట్ల చుట్టూ లోపల్లోపలే తినేస్తుంది. పైన పెయింటు మెరుస్తుంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగబడుతుంది. ఒక ట్రాలీల షెడ్డులో వెల్డర్ తేల్చి చెప్పిన మాట ఇది: “జీపైతే ఎంత కొయ్యమంటే అంత కోస్త అన్నా. జిప్సీ రేకుకు గ్యాసు మంట సూపెడితే సాలు, ముడుసుకుంటది. అది నా పని కాదు.” నిజమే. పలుచటి రేకుకు మిగ్ (తీగతో వేసే కరెంటు) వెల్డింగ్ కావాలి, అదీ చుక్క చుక్కగా, మధ్యలో ఆరనిస్తూ వేసే చెయ్యి కావాలి. ఆ చెయ్యి కోసం ఎక్కువమంది వనస్థలిపురం పక్కన ఆటోనగర్ దాకా పోవాల్సి వస్తుంది. బండి అక్కడ, మీరిక్కడ. వారానికోసారి పోయి చూసొస్తే పని నడుస్తుంది, పోకపోతే ఆగుతుంది. ఇంకో తేడా ఛాసీలో ఉంది. జీపు ఛాసీ చాలావరకు తెరిచిన ఛానల్, లోపల ఏముందో కంటికి కనబడుతుంది. జిప్సీది మూసిన పెట్టె. లోపలికి చేరిన బురద తడి పట్టి ఉంచుతుంది, బయటి నుంచి తెలియదు. చిన్న సుత్తితో పొడవునా కొట్టుకుంటూ పోతే గట్టి ఇనుము ఖంగుమంటుంది, పోయిన చోట శబ్దం బొంగురుగా వస్తుంది.

రెండింటికీ ఒకే మోసం జరుగుతుంది. అమ్మే ముందు అడుగంతా నల్ల కోటింగ్ కొట్టేస్తారు. తుప్పు మీద కోటింగ్ కొడితే తడి లోపలే ఉండిపోయి ఇంకా తొందరగా తింటుంది. మీ పని మాత్రం ఇలా జరగాలి: మంచి ఇనుము తగిలేదాకా కోత, వెల్డింగ్, ఎపాక్సీ ప్రైమర్, అతుకులన్నిటికీ సీలర్, ఆ తర్వాతే కోటింగ్. పుట్టీ సొట్టలకే గాని బొక్కలకు కాదు. ఫ్లోరులో నీళ్లు పోయే రంధ్రాలు కొత్త రేకులోనూ ఉండాలి. ఈ చిన్న సంగతి చాలామంది మర్చిపోతారు. అసలు మన దగ్గర పుట్టి పెరిగిన బండికి ఒక అదృష్టం ఉంది, పాలమూరు గాలి పొడి. సముద్రం పక్క ఊళ్ల నుంచి వచ్చిన బండితో పోలిస్తే సగం తలనొప్పి తక్కువ.

ఇంజను సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే జనం దీని గురించే ఎక్కువ టెన్షన్ పడతారు, నిజానికి ఇదే తేలిక. జీపు డీజిల్ మొండిది. ఏళ్ల తరబడి ఆగినా హీటర్ ప్లగ్గులు, నాజిళ్లు, పంపు చూపిస్తే చాలాసార్లు లేస్తుంది. పంపు పనిచేసేవాళ్లు ట్రాక్టర్ల పుణ్యమా అని ప్రతి పట్నంలో ఉన్నారు. పొగ, మోత, వణుకు మాత్రం భరించాలి. జిప్సీ పెట్రోల్ నున్నగా తిరుగుతుంది, కానీ పాత కార్బురేటర్ మోడల్ మన మే నెల ఎండలో పెట్రోల్ లైనులో ఆవిరి పట్టి నడిరోడ్డు మీద ఆగిపోవచ్చు. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని పాడుచేస్తుంది, ట్యాంకులో తుప్పు పెంచుతుంది. కాబట్టి జిప్సీ కొంటే పెట్రోల్ పైపులన్నీ మార్చడం, ట్యాంకు దింపి కడిగించడం ఖర్చులో రాసుకోండి. వీలైతే 2000 తర్వాతి ఎంపీఎఫ్ఐ చూసుకోండి.

నల్లగొండవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. మన నీళ్లలో ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు, కాఠిన్యం గురించి ఇంట్లో గిన్నెలకు తెలుసు. ఆ తెల్లటి పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ, ఇంజను నీటి దారుల్లోనూ కడుతుంది. తోటలో పెరిగిన జీపు ‘హీటెక్కుతోంది’ అంటే మొదటి అనుమానం దీని మీదే. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ పోసుకుంటే సరి.

రోడ్డెక్కాక లెక్క తిరగబడుతుంది. జీపు సుఖంగా పోయేది 60 దగ్గరే. నార్కట్‌పల్లి దాటి 65వ నంబరు హైవే మీద లారీలు కూడా దాన్ని ఓవర్‌టేక్ చేస్తాయి. స్టీరింగ్‌లో ఆట ఎంత తీయించినా కొంత మిగులుతుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. మన్ననూరు నుంచి అడవిలోంచి పోయి, దోమలపెంట దాటాక డ్యామ్ దగ్గరికి దిగే ఘాటులో బ్రేకు మీద కాలేసి దిగితే డ్రమ్ములు వేడెక్కి పట్టు పోతుంది. రెండో గేర్‌లో ఇంజను పట్టు మీదే దిగాలి. జిప్సీ కింగ్‌కు ముందు డిస్కులున్నాయి, ఐదో గేరుంది, బరువు టన్ను అటూ ఇటూ. 80లో నిశ్చింతగా పోతుంది. అయితే వెనక అడ్డ సీట్లలో కూర్చున్నవాళ్లను కల్వకుర్తి దాటాక అడగండి, సుఖమంటే ఏమిటో. రెండింటికీ కమాన్లే, రెండూ ఎగరేస్తాయి, ఖాళీ జిప్సీ ఇంకొంచెం ఎక్కువ.

మట్టిలో? ఎర్ర చల్కల్లో రెండూ ఆడుకుంటాయి. దేవరకొండ దాటి చందంపేట గుట్టల్లోంచి సాగర్ బ్యాక్‌వాటర్ పక్క వైజాగ్ కాలనీ దాకా పోయే దారుల్లో ఫోర్ బై ఫోర్ అవసరం తక్కువే, మొదటి రెండు గేర్లు చాలు. వానాకాలం అలంపూర్ వైపు నల్లరేగడిలో మాత్రం బరువు తక్కువ కాబట్టి జిప్సీదే పైచెయ్యి. సోమశిల దగ్గర కృష్ణ నీళ్లు తగ్గినప్పుడు బయటపడే ఒండ్రులోకి ఏ బండితోనూ దిగకండి, పైకి ఎండినట్టు కనబడుతుంది, లోపల మెత్తన. గట్టి తారు మీద ఫోర్ వీల్ పెట్టి తిప్పితే యూజే క్రాసులు (ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్లు), గేర్లు అరుగుతాయి. ఇంకోటి: నల్లమలలో ‘ఆఫ్‌రోడింగ్’ అనే మాటే వద్దు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అది. ఫర్హాబాద్ లోపలికి అటవీశాఖ సఫారీ బండ్లలోనే పోవాలి. శ్రీశైలం రోడ్డు మీద కూడా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూస్తారు. 60 మీద పోయే జీపువాళ్లు ఈ టైము చూసుకుని బయల్దేరాలి.

కొత్త మహీంద్రా థార్ కొనుక్కోవచ్చు కదా అనేవాళ్లుంటారు. కొనుక్కోండి, మంచి బండి, ఏసీ ఉంటుంది. అది వేరే సరదా. పంజాబ్, హర్యానా నుంచి మెరుస్తూ వచ్చే మోడిఫైడ్ జీపుల జోలికి మాత్రం పోవద్దు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని, కాగితాల్లో ఉన్న వివరాల్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇంజను మార్చినా అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించాల్సిందే. యాభై ఏళ్లు దాటిన విల్లీస్ (పాతకాలపు అసలు జీపు) దొరికితే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది కానీ, దానితో రోజూ తిరగనివ్వరు. ప్రదర్శనలకే. మన పనికి రాదు.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉంటూ మొదటిసారి బండి లేపేవాళ్లయితే నా ఓటు జీపుకే. దాని రోగాలు కంటికి కనబడతాయి, దాని వైద్యులు మన ఊళ్లోనే ఉన్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం, శని ఆదివారాలు దూరం పోవాలి, ఇంట్లోవాళ్లు కూడా ఎక్కాలి అంటే జిప్సీ. అయితే తక్కువకు దొరికిన తుప్పు జిప్సీ కాదు, ఎక్కువ పెట్టైనా ఫ్లోరూ మౌంట్లూ గట్టిగా ఉన్నది. జీపులో పోయిన రేకు డబ్బుతో వస్తుంది. జిప్సీలో పోయిన రేకుకు డబ్బుతోపాటు మంచి మిస్త్రీ కూడా దొరకాలి.

ఏది లేపినా ముందు బ్రేకులు, స్టీరింగ్, వైరింగ్. ఎలుకలు కొరికిన పాత వైర్లకు టేపు చుట్టొద్దు, మొత్తం మార్చండి. పెయింటు చివర్న. మొదటి ట్రిప్పుకు శ్రీశైలం పెట్టుకోకండి. దేవరకొండ ఖిల్లా దాకో, కోయిల్‌కొండ దాకో పోయి, బండి ఆపి, కింద ఆయిల్ చుక్కలు చూడండి, చక్రాల బ్రేకుల దగ్గర చెయ్యి పెట్టి ఎడమా కుడీ ఒకేలా వెచ్చగా ఉన్నాయో లేదో చూడండి. అంతా బాగుంటే తర్వాతిసారి డిండి. ఘాటు ఆ తర్వాత.