ఆరేళ్లుగా నా బల్ల మీదున్న చెక్క మానికిన్

పన్నెండు అంగుళాల చెక్క మానికిన్ అది, అంటే బొమ్మలు గీసేవాళ్లు చూసి గీసుకునే, కీళ్లు కదిలే మనిషి బొమ్మ. కీళ్ల దగ్గర గుండ్రటి చెక్క బంతులు, లోపల స్ప్రింగులు, నిలబెట్టడానికి ఇనప ఊచ ఉన్న స్టాండు. ఆర్ట్ సామాను అమ్మే షాపుల్లో మీరూ చూసే ఉంటారు. పిల్లల పత్రికలో ఒక కబడ్డీ కథకి బొమ్మలు వేయాల్సి వచ్చినప్పుడు కొన్నాను. రైడర్ మనవైపే దూకుతూ చెయ్యి చాచాలి. ఎన్నిసార్లు వేసినా చెయ్యి పొట్టిగా కనబడేదే తప్ప కాగితంలోంచి ముందుకొచ్చినట్టు ఉండేది కాదు.

కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి ముందే చెప్తాను. యాక్షన్ పోజులు చూసి గీయడానికైతే దీన్ని కొనకండి. ఫోర్‌షార్టెనింగ్ (మనవైపు చాచిన చెయ్యో కాలో పొట్టిగా అయినా ముందుకొచ్చినట్టు కనబడేలా గీయడం) ఒంటబట్టడానికైతే మాత్రం కళ్లు మూసుకుని కొనండి.

పోజుల సంగతి ఎందుకలా అన్నానంటే, మనం చెయ్యి పైకెత్తినప్పుడు కాలర్ ఎముక, భుజం రెక్క కూడా కదులుతాయి. దీనికి ఆ రెండూ లేవు. అందుకే చెయ్యి తల పక్కన నిటారుగా నిలవదు. నడుం కాస్త తిరుగుతుంది, సరిగ్గా వంగదు. మోకాలు పూర్తిగా మడవదు కాబట్టి గొంతుక్కూర్చోబెట్టలేం. అరచేతులు చెక్క గరిటెల్లా ఉంటాయి. రెండో ఏడాదికే కుడి మోచేతి స్ప్రింగు వదులైపోయింది, రబ్బరు బ్యాండు చుట్టి నెట్టుకొస్తున్నాను. దూకుడు, ఊపు కావాలంటే కబడ్డీ వీడియోలు ఆపి ఆపి చూస్తూ గబగబా గీసుకోవడమే మేలు.

మొదటి ఆరు నెలలూ దీనివల్ల నాకు ఒరిగిందేమీ లేదు. తర్వాత ఒకరోజు పెన్సిలు తీసుకుని బొమ్మ చేతి చుట్టూ సెంటీమీటరుకొకటి చొప్పున, గాజులు తొడిగినట్టు గీతలు గీశాను. చెయ్యి పక్కకి చాచి పెడితే ఆ గాజులు తిన్నటి గీతల్లా కనబడ్డాయి. మెల్లగా నావైపు తిప్పుతుంటే గీత కోలగా అయింది, ఇంకా తిప్పితే గుండ్రమైంది. చివరికి పిడికిలి వెనక మణికట్టు, మణికట్టు వెనక మోచెయ్యి దాక్కున్నాయి. అంతవరకూ నేను చేసిందల్లా చెయ్యి పొడవు తగ్గించడమే. జెర్సీ చేతి అంచునీ, మణికట్టు బ్యాండునీ అడ్డంగా తిన్నగానే గీసేసేవాణ్ణి. ఆ రెండిటినీ వంపుగా మార్చగానే పాత బొమ్మలోనే చెయ్యి ముందుకొచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

వంపు ఎటు తిరగాలన్నది ముఖ్యం. గాజు పొట్ట భుజం వైపుంటే పిడికిలి మనవైపు వస్తున్నట్టు, పిడికిలి వైపుంటే చెయ్యి మననుంచి దూరంగా పోతున్నట్టు. నమ్మకం కుదరకపోతే స్టీలు గ్లాసుని పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి చూడండి.

పర్‌స్పెక్టివ్‌లో, అంటే దగ్గరివి పెద్దగా, దూరంవి చిన్నగా కనబడే తీరులో, ఇది నేర్పిన రెండో సంగతి దూరం. బొమ్మ చెయ్యి దాదాపు 12 సెంటీమీటర్లు. ఫోన్ కెమెరాని పిడికిలికి 12 సెంటీమీటర్ల దూరంలో పెడితే భుజం 24 దూరంలో ఉంటుంది. అంటే భుజంతో పోలిస్తే పిడికిలి రెట్టింపు పెద్దదిగా పడుతుంది. అదే 120 సెంటీమీటర్ల దూరానికి వెనక్కి జరిగి జూమ్ చేస్తే తేడా పదో వంతే. పంచ్ బలంగా కనబడాలంటే చూసే కన్ను దగ్గరికెళ్లాలి.

అలాగని ఫోటోని ఉన్నదున్నట్టు దించితే పిడికిలి మొహాన్ని మింగేస్తుంది. 15వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు ఆండ్రియా మాంటెన్యా, చనిపోయిన క్రీస్తుని పాదాల వైపు నుంచి చూపిస్తూ వేసిన బొమ్మ మిలాన్‌లోని బ్రెరా మ్యూజియంలో ఉంది. అందులో పాదాలు లెక్క ప్రకారం ఉండాల్సినదానికన్నా చిన్నవి. లెక్క ప్రకారం వేసుంటే ఒంటిని కప్పేసేవి. అమెరికన్ కామిక్స్ గీసిన జాక్ కర్బీ దీనికి తిరగేసి, పిడికిళ్లని కావాలనే పెంచేవాడు. నా కథలో రైడర్ కళ్లలో టెన్షన్ కనబడాలి, అందుకని పిడికిలిని ఒకటిన్నర రెట్ల దగ్గర ఆపాను.

కంప్యూటర్లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్లిప్ స్టూడియో పెయింట్‌లోని త్రీడీ బొమ్మ కూడా వాడతాను. గడువు దగ్గరపడితే అదే దిక్కు, భుజాలు కూడా బాగా కదులుతాయి. కానీ ఒక కన్ను మూసి, తల అటూ ఇటూ జరుపుతుంటే గాజులు కోలగా మారడం చెక్కబొమ్మలో కనబడినంత స్పష్టంగా నాకు స్క్రీన్ మీద కనబడలేదు.

పెన్సిలు గీతలు చేతి చెమటకి చెరిగిపోతుంటాయి, నెలకోసారి మళ్లీ దిద్దుతాను. ఈమధ్య తొడలకీ పిక్కలకీ కూడా గీశాను. బోనస్ లైన్ మీదకి రైడర్ కాలు చాచే బొమ్మ ఒకటి సగంలో ఉంది, అందులో అరికాలు మనవైపుంటుంది.