సీసా మూతలతో మూడేళ్లు: మా ఇంటి చదువు పెట్టెపై సమీక్ష

మా పాపకు నాలుగేళ్లప్పుడు ఒక పాత బూట్ల అట్టపెట్టెతో మొదలుపెట్టాం. ఇప్పుడు తనకు ఏడు నిండాయి, తమ్ముడికి నాలుగు. పెట్టె మాత్రం అదే. లోపల 60 సీసా మూతలు, 100 ఐస్‌క్రీమ్ పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, లావుపాటి ఊలు దారం, బట్టల క్లిప్పులు, అట్టముక్కలు. కొత్తలో దీనికి నాలుగింతలు పోగేశాను. అన్నీ ఒకేసారి ముందు పెడితే పాప కింద పోసి, కలగలిపి, వదిలేసి వెళ్లిపోయేది. ఒక పూటకు ఒకే వస్తువు తీయడం అలవాటు చేసుకున్నాకే చదువు సాగింది.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది మూతలే. అట్టమీద ఐదేసి గళ్లు రెండు వరసలు గీశాను, మొత్తం పది. ఏడు మూతలు పెట్టమంటే పైన ఐదు, కింద రెండు. "ఇంకా మూడు ఖాళీ" అని నేను అడక్కుండానే చెప్పేది. కూడిక గుర్తు చూడకముందే ఏడుకు మూడు, ఆరుకు నాలుగు కలిస్తే పది అని తనకు తెలిసిపోయింది. నోట్‌బుక్‌లో తప్పు రాస్తే నేను దిద్దాలి, తను మొహం చిన్నబుచ్చుకోవాలి. గళ్లలో అయితే మూత ఎక్కువైందో తక్కువైందో తనకే కనిపిస్తుంది. ఈ పద్ధతిని నేను ఇన్నేళ్లు వదలకపోవడానికి అసలు కారణం ఇదే.

పుల్లల సంగతి. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది అయ్యాక పాప "ఇరవై పది" అనేది. ముప్ఫై అని నేను ఎన్నిసార్లు చెప్పినా మర్నాటికి మళ్లీ అదే. నిజానికి ఆ లెక్కలో తప్పేం లేదు, ఇరవైకి పది కలిస్తే వచ్చేది ముప్ఫైయే కదా! పది పుల్లలు కాగానే రబ్బరు బ్యాండు వేసి కట్ట కట్టాలని నియమం పెట్టాను. రెండు కట్టలు, పది విడి పుల్లలు చేతిలోకి వచ్చినప్పుడు తనే మూడో కట్ట కట్టింది. ఆ వారంలో "ఇరవై పది" పోయింది. తర్వాత స్థానవిలువలు చెప్పేటప్పుడు ఈ కట్టలే ఆదుకున్నాయి.

ఒక విషయంలో మాత్రం అనవసరంగా టెన్షన్ పడ్డాను. రెండు వరసల్లో ఆరేసి మూతలు పెట్టి, ఒక వరసను కొంచెం ఎడంగా జరిపితే, "ఇందులో ఎక్కువ ఉన్నాయి" అనేది. లెక్కపెట్టి చూపించినా అదే మాట. ఈ వయసు పిల్లలు ఇలాగే ఆలోచిస్తారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే ఎప్పుడో వివరంగా రాశారని తర్వాత చదివాను. చాలామందికి ఆరేడేళ్లకు అది తనంతట తనే తెలుస్తుంది. మా పాప కూడా ఆరో ఏట ఒకరోజు, "నువ్వు దూరంగా జరిపావంతే, అవి ఆరే" అంది. అప్పటిదాకా రోజూ పరీక్ష పెట్టి విసిగించినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అక్షరాలకు ఊలు దారం. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి పుల్లలతో కుదరదు, దారం చక్కగా ఒదుగుతుంది. వ వేసి, చివర కొంచెం సాగదీసి పైకి తిప్పితే మ. ప కింద చిన్న ముక్క పెడితే ఫ. పోలికున్న అక్షరాల మధ్య తేడా ఎక్కడుందో పాప ఇలా తన చేత్తోనే పట్టుకుంది. కానీ రాయడం ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో దారం చెప్పదు. దానికి ఉప్పు కాగితం అక్షరాలు చేశాను. 1907లో రోమ్‌లో పిల్లల బడి తెరిచిన మరియా మాంటిస్సోరి ఇలాంటి గరుకు అక్షరాలనే పిల్లల చేత వేలితో తడిమించేవారు. కత్తిరించడం కష్టం, కత్తెర మొద్దుబారుతుంది. అయినా చేసుకోదగ్గదే.

ఇసుక పళ్లెం మాకు పనికిరాలేదు. రాసింది చూసుకునేలోపే చెరిగిపోతుంది, తర్వాత గదంతా ఊడ్చుకోవాలి. ఇక చదవడం ఈ పెట్టెతో రాదు. దానికి పక్కన కూర్చోబెట్టుకుని కథలు చదివి వినిపించాల్సిందే.

మూడేళ్ల లోపు పిల్లలుంటే దయచేసి జాగ్రత్త. చిన్న పిల్లల బొమ్మల్లో గొంతుకు అడ్డంపడే ముక్కలున్నాయో లేదో చూడటానికి సుమారు 3.2 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టం వాడతారు. అందులో పట్టేది ఏదైనా ప్రమాదమే. మామూలు నీళ్ల సీసా మూత అందులో పడుతుంది. మొదట్లో మా పెట్టెలో గుండీలు కూడా ఉండేవి. ఏడాదిన్నర వయసులో బాబు ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. వేలితో తీయగలిగాను కానీ, ఆ రాత్రి నిద్రపట్టలేదు. గుండీలు ఆ రోజే తీసేశాను, పెట్టె పై అరలోకి వెళ్లింది. మూడు నిండేదాకా వాడికి పెద్ద డబ్బాల మూతలే ఇచ్చాను.

పాప పెద్దదయ్యాక మూతల పని అయిపోయిందనుకున్నాను. ఈమధ్య ఎక్కాలు మొదలయ్యాయి, మళ్లీ కిందికి దిగాయి. అట్టమీద వరసకు నాలుగు చొప్పున మూడు వరసలు పేర్చి, అట్టను పక్కకు తిప్పుతోంది. ఇప్పుడు వరసకు మూడు, నాలుగు వరసలు. మూతలు మాత్రం అవే పన్నెండు. మళ్లీ మళ్లీ తిప్పి చూసుకుంటోంది.