పెరటి మట్టిలో సీసం: గాజువాకలో చేయించిన ఒక పరీక్ష

తోటకూర మళ్లు వేసే ముందు మా పెరటి మట్టిలో విషలోహాలు ఏమైనా ఉన్నాయేమో చూద్దామని, గాజువాక పరిసరాల్లోని ఒక ప్రైవేటు ప్రయోగశాలను ఆశ్రయించాను. విశ్లేషణలో వారిని తప్పుపట్టలేను. దానికి ముందూ వెనకా చెప్పవలసినవి చెప్పకపోవడమే వారి లోపం.

కౌంటరులో "మట్టి పరీక్ష" అనగానే నత్రజని, భాస్వరం, పొటాష్ ఉన్న ప్యాకేజీకి రసీదు రాసేశారు. 2015లో మొదలైన భూసార కార్డుల్లోని 12 అంశాలూ ఆ కోవవే. అవి పంటకు ఏం తక్కువైందో చెబుతాయి గానీ, సీసం, కాడ్మియం వంటి వాటి జోలికి పోవు. అవే కావాలని పట్టుబట్టిన తరువాత, లోహానికి ఇంతని వేరే రుసుము ఉంటుందన్నారు.

మట్టి ఎలా తీయాలో వివరించే కాగితం ఒక్కటైనా ఇవ్వలేదు. వ్యవసాయ శాఖలో చేసి విరమించిన మా బావగారిని అడిగి, ఇంటి గోడ వారగా ఒకటి, పెరటి నడుమ ఒకటి, రెండు నమూనాలు విడివిడిగా తీశాను. ఒక్కొక్కదానికి ఐదారు చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు తవ్వి, ఆ మట్టిని కలిపి, నీడన ఆరబెట్టి పట్టుకెళ్లాను. పెరడంతా ఒకే సంచిలో కలిపేసి ఉంటే అసలు సంగతి బయటపడేదే కాదు.

నివేదిక చెప్పిన గడువుకే వచ్చింది. ఆమ్లంలో కరిగించి అటామిక్ అబ్సార్ప్షన్ పద్ధతిలో కొలిచినట్టు, ఏ లోహాన్ని ఎంత తక్కువ మోతాదు వరకు పసిగట్టగలరో కూడా స్పష్టంగా రాశారు. గోడ వారగా కిలో మట్టికి 286 మిల్లీగ్రాముల సీసం ఉండగా, పెరటి నడుమ 58 మాత్రమే ఉంది. మా వైపు మట్టి పాడైందంటే అందరూ ఫ్యాక్టరీల పొగగొట్టాల వైపే చూస్తారు. పొగతో వచ్చిన ధూళే అయితే పదడుగుల దూరానికి ఇంత తేడా రాదు. నా అనుమానమంతా ఏళ్ల క్రితం కిటికీల నుంచి గీకి అక్కడే రాల్చిన పాత ఎనామిల్ పెయింటు మీదే. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు, అంటే కిలోకు 90 మిల్లీగ్రాములు) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. పైగా ఈ లోహం కుళ్లిపోయేది కాదు, ఒకసారి మట్టిలో చేరితే దశాబ్దాలు ఉండిపోతుంది.

ఇంత శ్రద్ధగా కొలిచినవారు వ్యాఖ్య గడిలో "పరిమితిలోనే ఉంది" అని రాసి వదిలేశారు. ఎవరి పరిమితి అని అడిగితే, "స్టాండర్డ్ ప్రకారమే సార్" అన్నారు. అమెరికా పర్యావరణ సంస్థ నివాస స్థలాల మట్టిలో సీసానికి పెట్టుకున్న 400 పీపీఎం హెచ్చరిక స్థాయిని 2024 జనవరిలో 200కు తగ్గించింది. పాత లెక్కన మా గోడ వార మట్టికి ఢోకా లేదు, కొత్త లెక్కన ఉంది. పసిపిల్లలు ఆడుకునే ఇంట్లో ఆ ఒక్క మాటకే నేను డబ్బు కట్టింది.

కొలతల కోసమైతే ఈ ప్రయోగశాలకు నిస్సంకోచంగా వెళ్లవచ్చు. ఏ లోహాలు కావాలో రాసుకుని, నమూనాలు చోటుకొకటిగా కట్టుకుని వెళ్లాలి; పరిమితి ఏ సంస్థదో నివేదికలోనే రాయించుకోవాలి. మేము తోటకూర పెరటి నడుమనే వేశాము. గోడ వారన కొత్త మట్టి కప్పి మందారాలు నాటాము.