డబ్లిన్‌లో రెండు రోజులు, ఒక పచ్చ జెండా

డబ్లిన్ వెళ్ళినవాళ్ళు ముందు పబ్బులకి పోతారు, మా తమ్ముడు మాత్రం మమ్మల్ని నేరుగా కాలిన్స్ బ్యారక్స్ మ్యూజియంకి తీసుకెళ్ళాడు, ఎందుకురా అంటే ఫ్రీ కదా అక్కా అన్నాడు. లూవాస్ ట్రామ్ రెడ్ లైన్‌లో మ్యూజియం అనే స్టాప్‌లోనే దిగాలి, లీప్ కార్డ్ (ప్రయాణాలకి వాడే కార్డు) ఉంటే చాలు, చిల్లర గొడవ లేదు.

1916 గ్యాలరీలో లైటు బాగా తగ్గించి పెట్టారు, కళ్ళు అలవాటు పడ్డాక పచ్చ గుడ్డ మీద చేత్తో రాసిన ‘ఐరిష్ రిపబ్లిక్’ అన్న రెండు మాటలు కనపడతాయి. బ్రిటిష్ పాలన మీద 1916లో ఐరిష్‌వాళ్ళు చేసిన ఈస్టర్ తిరుగుబాటులో జీపీఓ, అంటే డబ్లిన్ పెద్ద పోస్టాఫీసు మీద ఎగిరిన జెండా అది. తయారైంది డబ్లిన్‌లోనే రాత్‌మైన్స్ అనే పేటలో, తిరుగుబాటుదారుల్లో ఒకరైన కౌంటెస్ మార్కివిచ్ ఇంట్లోనట, బంగారు రంగు గట్టిపడిపోతే ఆవపొడి కలిపారని కూడా చెప్తారు, నిజమో కాదో గానీ నాకు భలే నచ్చింది. ఆవిడే 1909లో బల్మర్ హాబ్సన్ అనే జాతీయవాదితో కలిసి కుర్రాళ్ళ కోసం ఫియనా ఎరన్ అనే సంఘం పెట్టింది, డ్రిల్లు, తుపాకీ పట్టడం అన్నీ అక్కడే నేర్పారు.

తర్వాత జెండా బ్రిటిష్ సైన్యానికి చిక్కింది. ఐరిష్ నాయకుడు పార్నెల్ విగ్రహం దగ్గర ఆఫీసర్లు దాన్ని తలకిందులుగా పట్టుకుని ఫోటో దిగారు, చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉండి ఉండి, యాభై ఏళ్ళకి 1966లో తిరిగొచ్చింది. అన్నట్టు మన వి.వి.గిరి గారు అప్పట్లో ఇక్కడే లా చదువుకున్నారు, తిరుగుబాటు జరిగిన ఏడాదే ఇండియా వచ్చేశారు.

స్టే మాత్రం దండగ. హ్యూస్టన్ స్టేషన్ దగ్గర గెస్ట్‌హౌస్, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, బుకింగ్‌లో రాసిన బ్రేక్‌ఫాస్ట్ అంటే రెండు టోస్టులు, టీ. అమ్మ మోకాళ్ళతో ఎక్కలేక ఏడుపొకటే తక్కువ. స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు, అదొక్కటే ప్లస్.

కిల్‌మైనమ్ జైలుకి గైడెడ్ టూరే ఉంటుంది, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, మేం లేటు చేసి పొద్దున్నే ఫోన్ పట్టుకుని రిఫ్రెష్ కొట్టి కొట్టి క్యాన్సిల్ అయిన నాలుగు పట్టాం. ఫియనాలో పెరిగిన షాన్ హ్యూస్టన్‌ని, కాన్ కోల్బర్ట్‌ని తిరుగుబాటులో పాల్గొన్నందుకు బ్రిటిష్‌వాళ్ళు 1916 మే 8న కాల్చేసిన పెరడు చూపించారు. ఒకడికి పాతికేళ్ళు, ఇంకొకడికి ఇరవై ఏడు. మేం రోజూ దిగుతున్న స్టేషన్ పేరు ఆ కుర్రాడిదేనని అప్పటిదాకా మాకెవ్వరికీ తట్టనేలేదు.