ఎర్ర రంగు చూసి తీర్పు చెప్పని కంటి ఆసుపత్రి

మా నాన్నగారికి నీటికాసుల (గ్లాకోమా) వల్ల ఒక కంటి చూపు పూర్తిగా పోయింది. అందుకే, కంటి వెనుక నరాల పొర మందాన్ని కొలిచే ఓసీటీ స్కానులో నా రెండు కళ్లకూ ఎర్ర గుర్తులు వచ్చాయని, జీవితాంతం చుక్కలు వేసుకోవాలని వేరొక చోట రెండు నిమిషాల్లో తేల్చేసినప్పుడు, ఆ సీసా మూత తీయకుండానే బొబ్బిలి నుంచి విజయనగరంలోని ఈ చిన్న ఆసుపత్రికి వెళ్లాను.

ఇక్కడి డాక్టరుగారు పాత కాగితంలో రంగుల జోలికి పోకుండా ముందు సిగ్నల్ బలం, అంటే స్కాన్ ఎంత బాగా వచ్చిందో చెప్పే అంకె, చూశారు. అది 10కి 5 మాత్రమే ఉంది. కనీసం 6 లేనిదే ఆ యంత్రం కొలతలను నమ్మకూడదని చెప్పి, మళ్లీ స్కాన్ తీయించారు. ఈసారి 8 వచ్చింది, అయినా ఎరుపు పోలేదు. అప్పుడు ఆవిడ చెప్పిన మాటలే ఈ సమీక్ష రాయడానికి కారణం. ఎరుపంటే జబ్బు అని కాదు, యంత్రంలో నమోదైన అదే వయసు ఆరోగ్యవంతుల్లో నూటికి ఒక్కరికన్నా తక్కువమందికే నరాల పొర అంత పలచగా ఉంటుందని మాత్రమే అర్థమట. నాలా మైనస్ ఏడు అద్దాలు వాడేవారిలో పైనా కిందా ఉండే నరాల కట్టలు కణత వైపు జరిగి ఉంటాయి కనుక, యంత్రం వెదికిన చోట పొర పలచగా కనబడుతుంది. పొర మందాన్ని చూపే గ్రాఫులో రెండు మూపురాలూ ఎత్తు తగ్గకుండా పక్కకు మాత్రమే జరిగి ఉండటాన్ని వేలు పెట్టి చూపించారు. ఆకుపచ్చ ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదని, మొదట మందంగా ఉన్న పొర కొంత కరిగినా ఇంకా ఆకుపచ్చలోనే ఉండవచ్చని కూడా హెచ్చరించారు.

స్కానుతోనే ఆగలేదు. కంటి ఒత్తిడి, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం, కంటిలోని నీరు బయటకు పోయే కోణం, పక్కచూపు ఎంతవరకు ఉందో చూసే ఫీల్డ్ పరీక్ష అన్నీ అయ్యాక, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి నరం అంచును స్వయంగా పరిశీలించారు. ప్రస్తుతానికి మందు అక్కర్లేదని, ఆరు నెలలకు ఇదే యంత్రంపై మళ్లీ తీసి పోల్చి చూద్దామని చెప్పారు.

లోపాలు రెండున్నాయి. ఫీల్డ్ పరీక్ష గదికి తెర తప్ప తలుపు లేదు. వెలుగు చుక్క కనబడగానే మీట నొక్కవలసిన పరీక్షలో వరండా మాటలు ధ్యాస చెదరగొడతాయి. నివేదికను నలుపు తెలుపుల్లో ఇచ్చారు, అడిగితేనే రంగుల ప్రతి ఇచ్చారు. తోబుట్టువులకూ పరీక్ష అవసరమని ఆవిడ గట్టిగా చెప్పినందున, వచ్చే వారం మా తమ్ముణ్ణి అక్కడికే తీసుకువెళుతున్నాను.